కారు అద్దంలో ఆ మచ్చలేంటి, ఫిల్మ్ వేస్తే పోతాయా?

కొత్త కారు కొన్నవాళ్లు చాలామంది మొదటి నెలలోనే ఒక విషయం చూసి కంగారు పడతారు. సాయంత్రం ఏటవాలు ఎండలో గానీ, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని చూసినప్పుడు గానీ, వెనక అద్దంలోనో పక్క అద్దాల్లోనో వరసలు వరసలుగా మచ్చలు కనిపిస్తాయి. కొన్ని కార్లలో గుండ్రటి చుక్కలు, కొన్నిట్లో నిలువు చారలు, ఇంకొన్నిట్లో గళ్లు గళ్లుగా. తల కాస్త పక్కకు వంచితే మాయమవుతాయి, నిటారుగా చూస్తే మళ్లీ వస్తాయి. గుడ్డతో తుడిస్తే పోవు, షాంపూ పెట్టి కడిగినా పోవు. ఇక అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది: అద్దం డూప్లికేటా, షోరూమ్‌కి రాకముందే ఎక్కడో పగిలితే మార్చి పెట్టారా, రేపో మాపో పగలబోతోందా అని.

మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ కార్ డెకార్స్ షాపుకు పోయి అడిగితే, "గ్లాస్ అట్లనే వస్తదన్నా, మంచి ఫిల్మ్ కొట్టిద్దాం, ఇంక కనపడదు" అనే మాట వినపడొచ్చు. అందులో మొదటి సగం నిజమే. రెండో సగం నమ్మి డబ్బులు పెట్టకండి. ఆ మచ్చలు అద్దం లోపలే ఉన్నాయి, అద్దం తయారైన పద్ధతి వల్ల వచ్చాయి, అవి లోపం కాదు. ఫిల్మ్ వేయించుకోవడానికి వేరే మంచి కారణాలున్నాయి, మచ్చలు మాత్రం కారణం కాకూడదు.

ముందు అద్దం సంగతి చూద్దాం. కారులో ఉండేవి ఒకే రకం అద్దాలు కావు. ముందుండే విండ్‌షీల్డ్ లామినేటెడ్ గ్లాస్, అంటే రెండు పలకల మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. ఆ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరొచ్చి తగిలితే పగుళ్లు పారతాయి గానీ ముక్కలు ఊడి ఒళ్లో పడవు, ఆ పొర వాటిని పట్టి ఉంచుతుంది. పక్క అద్దాలు, వెనక అద్దం మాత్రం ఎక్కువ కార్లలో టెంపర్డ్ గ్లాస్, మనవాళ్లు టఫెన్డ్ అని కూడా అంటారు. పగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులై రాలిపోయేది ఇదే. మచ్చలు కనిపించేది కూడా ఇందులోనే. మీ కారు ముందు అద్దంలో ఆ వరసలు కనపడకుండా వెనక అద్దంలో కనపడుతున్నాయంటే తేడా ఎక్కడుందో అర్థమైపోతుంది.

టెంపరింగ్ ఎలా చేస్తారో తెలిస్తే మచ్చల గుట్టు సగం తెలిసినట్టే. గాజు పలకను కొలతకు కోసి, అంచులు నూరి, కొలిమిలో సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. మెత్తబడ్డాక తలుపు వంపుకు తగ్గట్టు వంచుతారు. ఆ వెంటనే రెండు వైపుల నుంచీ వరసలుగా అమర్చిన వందలాది నాజిల్స్‌తో గాలి బలంగా కొట్టి కొద్ది సెకన్లలోనే చల్లారుస్తారు. జొన్న గటక వండి గిన్నెలో పోస్తే పైన పొర ముందు గట్టిపడి, లోపల ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది కదా, గాజులోనూ అదే జరుగుతుంది. పై పొరలు ముందు బిగుసుకుంటాయి. లోపలిది ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది, అప్పటికే గట్టిపడిన పై పొరలు దాన్ని పూర్తిగా కుంచించుకోనివ్వవు. చివరికి పై పొరలు గట్టిగా నొక్కుకుపోయిన స్థితిలో, మధ్య పొర సాగదీసిన స్థితిలో అలాగే ఉండిపోతాయి. మీ కారు తలుపులో ఉన్న అద్దం ఈ క్షణంలో కూడా అదే స్థితిలో ఉంది.

బలం అక్కడి నుంచే వస్తుంది. గాజు పగలాలంటే పైనున్న ఏదో సన్నటి గీత నోరు తెరుచుకోవాలి, పై పొర నొక్కుకుపోయి ఉంటే ఆ గీత తెరుచుకోవడం కష్టం. అందుకే అదే మందం ఉన్న మామూలు గాజు కంటే ఇది నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. ఒకసారి పగులు పై పొరను దాటి లోపలికి దిగిందంటే మాత్రం లోపల దాచుకున్న ఒత్తిడంతా ఒకేసారి విడుదలై, అద్దం మొత్తం పలుకులైపోతుంది. మామూలు కిటికీ అద్దంలాగా కత్తిలాంటి పొడుగు ముక్కలు రావు. యాక్సిడెంట్‌లో మెడ, ముఖం కోసుకుపోకుండా కాపాడేది ఈ గుణమే.

ఇప్పుడు మచ్చలకు వద్దాం. గాలి నాజిల్ లోంచి వస్తుంది కాబట్టి నాజిల్‌కు ఎదురుగా ఉన్న చోటు కాస్త వేగంగా చల్లారుతుంది, రెండు నాజిల్స్ మధ్యనున్న చోటు రవ్వంత ఆలస్యంగా. ఆ తేడా వల్ల గాజులో మిగిలిపోయే ఒత్తిడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నాజిల్స్ ఏ అమరికలో ఉన్నాయో అదే అమరిక అద్దంలో ముద్ర పడిపోతుంది. నాజిల్స్ గళ్లుగా ఉంటే చుక్కల వరసలు, చల్లారేటప్పుడు పలక ముందుకు వెనక్కి కదిలితే ఆ చుక్కలు సాగి చారలు. రెండు కంపెనీల కార్లలో మచ్చలు వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే. ఈ ముద్రలు గాజులో రంగు తేడాలు కావు, గరుకుదనం కావు, గోరుతో గీకితే తగలవు.

మరి మామూలుగా ఎందుకు కనపడవు? ఒత్తిడిలో ఉన్న గాజు గుండా వెళ్లే కాంతి, అది ఏ దిశలో ఊగుతోంది అన్నదాన్ని బట్టి కాస్త వేరువేరు వేగాలతో వెళుతుంది. ఈ సంగతి స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1816 నాటికే కనిపెట్టాడు. మామూలు కాంతి అన్ని దిశల్లోనూ కలగాపులగంగా ఊగుతుంది కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు. ఒకే దిశలో ఊగే కాంతి, అంటే పోలరైజ్డ్ కాంతి, అద్దంలోకి వెళ్లినప్పుడు మాత్రం ఒత్తిడి దాని ఊపు తీరును మార్చేస్తుంది, ఎంత మారుస్తుంది అన్నది చోటును బట్టి ఉంటుంది. అలా మారి బయటికొచ్చిన కాంతిని మళ్లీ ఒక దిశను మాత్రమే వదిలే జల్లెడ గుండా చూస్తే, ఒక చోట వెలుగు, పక్కనే చీకటి. మచ్చ కనపడుతుంది. అంటే రెండు షరతులున్నాయి: లోపలికి వెళ్లే కాంతి పోలరైజ్డ్ అయి ఉండాలి, చూసే దారిలో ఒక జల్లెడ ఉండాలి.

మొదటి షరతును ఆకాశమే తీరుస్తుంది. సూర్యుడి నుంచి వచ్చే కాంతి నేరుగా పోలరైజ్డ్ కాదు గానీ, గాలిలో చెల్లాచెదురై నీలంగా మన దగ్గరికొచ్చే కాంతి చాలావరకు పోలరైజ్డ్. సూర్యుడికి సరిగ్గా 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశంలో ఇది అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. సూర్యుడు పడమట దిగిపోతున్నప్పుడు ఆ పట్టీ ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణం దాకా పరుచుకుని ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఇదంతా చెదిరిపోతుంది, మచ్చలూ కనపడవు. "నిన్న కనిపించాయి, ఇవాళ లేవు" అని జనం అయోమయపడేది అందుకే.

రెండో షరతును కూలింగ్ గ్లాసులు తీర్చొచ్చు, లేదా అద్దం తనకు తానే తీర్చుకోవచ్చు. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు అడ్డంగా ఊగే కాంతిని ఆపేస్తాయి, రోడ్డు మీద తళతళలు తగ్గేది కూడా దానివల్లే. వాటితో చూస్తే జల్లెడ మీ కళ్ల ముందే ఉన్నట్టు. గ్లాసులు లేకపోయినా గాజు ఉపరితలం ఒక కోణంలో, అంటే గాజుకు లంబంగా గీసిన గీత నుంచి సుమారు 56 డిగ్రీల దగ్గర, ఒక దిశలో ఊగే కాంతినే తిప్పికొట్టి రెండో దాన్ని పూర్తిగా లోపలికి వదిలేస్తుంది. దీన్ని కూడా బ్రూస్టర్ పేరుతోనే బ్రూస్టర్ కోణం అంటారు.

మన దగ్గర దీన్ని చూడటానికి నేషనల్ హైవే 44ని మించిన చోటు లేదు. జడ్చర్ల దాటి కొత్తకోట, పెబ్బేరు వైపు పోతుంటే రోడ్డు దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. సాయంత్రం సూర్యుడు కుడిపక్క పొద్దుగూకుతుంటే, ముందు పోతున్న సెడాన్ కారు వెనక అద్దం చూడండి. డిక్కీ మీదకు బాగా వాలి ఉండే అద్దం కాబట్టి మీ చూపు దాదాపు ఆ 56 డిగ్రీల దగ్గర్లోనే పడుతుంది, అందులో ప్రతిబింబించేది నడినెత్తి పక్కనున్న ఆకాశం, అంటే అన్నిటికంటే గట్టిగా పోలరైజ్ అయిన భాగం. పైగా ఆ కాంతి ఊగే దిశ, గాజు పై ముఖం తిప్పికొట్టలేని దిశ ఒకటే అవుతాయి. అందుకే మామూలు తళుకు తగ్గిపోయి అద్దం నల్లగా కనిపిస్తుంది, లోపలికి వెళ్లిన కాంతి ఒత్తిడి వల్ల మారి, అవతలి ముఖం మీద తగిలి తిరిగొచ్చి, ఆ నలుపు మీద మచ్చలుగా తేలుతుంది. కూలింగ్ గ్లాసులే అక్కర్లేదు. అదే సాయంత్రం, అదే కారు నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు, అంటే తూర్పుకు పోతుంటే కాంతి ఊగే దిశ అడ్డం తిరిగిపోతుంది, పై ముఖమే గట్టిగా తళుక్కుమంటుంది, మచ్చలు దాని కింద మునిగిపోతాయి. కారు అదే, అద్దం అదే, రోడ్డు దిక్కు మారిందంతే. ఇంత అందమైన విషయం ప్రతిరోజూ మన కళ్ల ముందే జరుగుతుంటే దాన్ని "మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్" అని ఫిర్యాదు రాయడం చూస్తే నిజంగా బాధేస్తుంది. వెనక అద్దం దాదాపు నిలువుగా ఉండే హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది అంతగా కనపడదు, వాళ్ల అద్దం ఎక్కువ మంచిదని కాదు, కోణం కుదరదంతే.

ఇంట్లోనే పరీక్షించుకోవాలంటే సులువు. లాప్‌టాప్ తెరలోంచి వచ్చే కాంతి పోలరైజ్డ్. కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తెర వైపు చూస్తూ తల తిప్పండి, ఏదో ఒక కోణంలో తెర నల్లబడితే మీ గ్లాసులు నిజంగా పోలరైజ్డే. చీకటి పడ్డాక లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి కారు పక్క అద్దానికి అవతల పెట్టి, ఇవతలి నుంచి అవే గ్లాసులతో చూడండి. చుక్కలు, చారలు, అంచుల వెంట దట్టమైన పట్టీలు, ఒక్కోచోట లేత పసుపు, నీలం ఛాయలు కూడా తేలతాయి. అదే పరీక్ష ముందు అద్దం మీద చేస్తే అంచుల దగ్గర తప్ప మధ్యలో పెద్దగా ఏమీ కనపడదు.

అయితే మచ్చలు కనపడకపోతే అద్దం టెంపర్డ్ కాదని తేల్చేయకండి. కొత్త ఫ్యాక్టరీల్లో గాలి సమానంగా పడేలా చేస్తున్నారు, మచ్చలు బాగా పల్చగా ఉంటాయి. అద్దం ఏదో చెప్పేది దాని మూలనున్న ముద్ర. మోకాళ్ల మీద కూర్చుని పక్క అద్దం కింది మూల చూస్తే తయారు చేసిన కంపెనీ పేరు, టెంపర్డ్ లేదా టఫెన్డ్ లేదా లామినేటెడ్ అన్న మాట, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న భారత ప్రమాణం సంఖ్య ఉంటాయి. చాలా అద్దాల మీద వృత్తంలో E అక్షరం, పక్కన ఒక అంకె ఉంటుంది, అది యూరప్ నిబంధనల ప్రకారం ఆమోదం ఇచ్చిన దేశం గుర్తు. ఆ ఆమోదంలో రోమన్ అంకె V ఉంటే ఆ అద్దం గుండా 70 శాతం కంటే తక్కువ వెలుతురు వెళుతుందని అర్థం. ఏ ముద్రా లేని అద్దం ఎవరైనా తక్కువ ధరకు బిగిస్తామంటే వద్దనండి. టెంపరింగ్ సరిగ్గా చేయని అద్దం పగిలినప్పుడు ఎలా పగులుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఇదంతా చాలా పనికొస్తుంది. అన్ని అద్దాల ముద్రల్లో ఒకే కంపెనీ పేరు, దగ్గర దగ్గర తయారీ తేదీల గుర్తులు ఉండి, ఒక్క తలుపు అద్దానికి వేరే పేరుంటే, మచ్చల అమరిక కూడా వేరేగా ఉంటే ఆ అద్దం మార్చారన్నమాట. దొంగలు పగలగొట్టి ఉండొచ్చు, క్రికెట్ బంతి తగిలి ఉండొచ్చు, గుద్దుకుని ఉండొచ్చు. ఏది అన్నది తలుపు కీళ్లు, రంగు, బోల్టుల మీద పానా పడిన గుర్తులు చూసి అడగాలి.

అద్దం అంచుల్లో నల్లటి పట్టీ, దాని పక్కన చిన్నవవుతూ పోయే నల్ల చుక్కలు వేరే విషయం. అది గాజు మీద అచ్చు వేసి కొలిమిలో కాల్చిన సిరామిక్ పూత. అద్దాన్ని బాడీకి అతికించే జిగురును ఎండ నుంచి కాపాడటం దాని పని, కాల్చేటప్పుడు నల్ల పట్టీకి, ఖాళీ గాజుకు మధ్య వేడి ఒక్కసారిగా మారకుండా ఆ చుక్కలు సర్దుతాయి. వెనక అద్దంలో అడ్డంగా పోయే సన్నటి గీతలు డీఫాగర్ తీగలు, అంటే అద్దం మీద పట్టే మంచును వేడితో పోగొట్టేవి, వెండి కలిసిన పేస్ట్‌తో అచ్చు వేస్తారు. ఈ రెండూ ఫిల్మ్ వేసేవాళ్లకు తలనొప్పే. ఆ చుక్కలు గాజు కంటే కాస్త ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఫిల్మ్ వాటి మీద పూర్తిగా అంటుకోదు, అక్కడ తెల్లటి చుక్కలు మెరుస్తుంటాయి. పనివాడు చెడ్డవాడని కాదు, అక్కడ అంతే.

అద్దంలో కనిపించే లేత ఆకుపచ్చ ఫ్యాక్టరీ టింట్. గాజు ముడిసరుకులోనే ఇనుము ఆక్సైడ్ కలుపుతారు, రంగు గాజు ఒళ్లంతా ఉంటుంది, ఊడిరాదు, వెలిసిపోదు. షాపులో వేసేది పాలిస్టర్ ఫిల్మ్, గాజు లోపలి ముఖం మీద జిగురుతో అంటుకుని ఉంటుంది. దానికి దాని సొంత మచ్చలున్నాయి. పాలిస్టర్‌ను తయారీలో రెండు వైపులా లాగి సాగదీస్తారు కాబట్టి అది కూడా పోలరైజ్డ్ కాంతిని మెలిపెడుతుంది, గాజు కంటే ఎంతో గట్టిగా. అందువల్ల కూలింగ్ గ్లాసులతో చూస్తే ఫిల్మ్ ఉన్న అద్దంలో ఇంద్రధనుస్సు రంగులు అలలు అలలుగా పారుతుంటాయి. షాపు వాళ్లు చెప్పినట్టు మచ్చలు పోవడం అటుంచి, వాటి మీద రంగులు కూడా వచ్చి చేరతాయి. ఫిల్మ్ నల్లగా ఉంటే లోపలి ముఖం నుంచి తిరిగొచ్చే వెలుతురు తగ్గి, బయటి నుంచి చూసేవాళ్లకు మచ్చలు కొంత మసకబారతాయి, అంతవరకే.

కొత్త ఫిల్మ్‌లో పాల రంగు మరకలు, సన్నటి నీటి బుడగలు కనిపిస్తే వెంటనే గొడవకు దిగాల్సిన పనిలేదు. ఫిల్మ్ కింద మిగిలిన నీళ్లు ఆరాలి, మే నెల ఎండలో త్వరగా, వానాకాలంలో కొన్ని వారాలకు ఆరతాయి. ఈలోగా మొదటి మూడు నాలుగు రోజులు అద్దాలు దింపకండి. అవి ఆరాక కూడా గాలి బుడగలు మిగిలితే, లోపల ఇసుక రేణువులు గుచ్చుకుని ఉంటే, అది పని సరిగ్గా చేయకపోవడమే, మళ్లీ చేయించుకోండి. రెండు మూడేళ్లకే ఊదా రంగుకు తిరిగిందంటే అది చవక రంగు ఫిల్మ్, రంగు ఎండకు చచ్చిపోయింది.

మన ప్రాంతంలో ఫిల్మ్ గురించి మాట్లాడటం విలాసం గురించి మాట్లాడటం కాదు. నల్లగొండలో ఎండాకాలం 44, 45 డిగ్రీలు తగులుతుంది, బండరాళ్లు సాయంత్రం దాకా సెగలు కక్కుతాయి. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు రోజూ కారులో పోయొచ్చే వాళ్ల పరిస్థితి మరీ ఘోరం: పొద్దున ఉత్తరానికి పోతుంటే సూర్యుడు తూర్పున, అంటే కుడిపక్క. సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తుంటే సూర్యుడు పడమట, అంటే మళ్లీ కుడిపక్కే. రెండు పూటలా డ్రైవర్ కుడి చెయ్యి, కుడి చెంప కాలుతూనే ఉంటాయి. ముందు అద్దంలోని పీవీబీ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, పక్కనున్న టెంపర్డ్ అద్దం మాత్రం అందులో యూవీఏ అనే భాగాన్ని కొంత లోపలికి వదులుతుంది. చర్మం నల్లబడేది, ముడతలు పడేది దానివల్లే. మంచి ఫిల్మ్ అయితే పూర్తిగా పారదర్శకంగా ఉండి కూడా అతినీలలోహితాన్ని 99 శాతం దాకా ఆపగలదు.

అందరూ పొరపడే చోటు ఇక్కడుంది: నల్లగా ఉంటే చల్లగా ఉంటుందనుకుంటారు. ఎండ శక్తిలో కంటికి కనిపించే వెలుతురు సగం కంటే తక్కువే, దాదాపు సగం పరారుణం (కంటికి కనపడని వేడి కిరణాలు, షాపువాళ్లు ఐఆర్ అనేది దీన్నే), నాలుగైదు శాతం అతినీలలోహితం. రంగు ఫిల్మ్ కనిపించే భాగాన్ని ఆపి పరారుణాన్ని చాలావరకు వదిలేస్తుంది. సిరామిక్ ఫిల్మ్ దీనికి తలకిందులుగా వెలుతురును వదిలి పరారుణాన్ని ఆపుతుంది. అందుకే 70 శాతం వెలుతురు వదిలే మంచి సిరామిక్ ఫిల్మ్, 35 శాతం వదిలే నల్ల రంగు ఫిల్మ్ కంటే చల్లగా ఉండొచ్చు. షాపులో ఎర్ర లైటు కింద చెయ్యి పెట్టించి "97 శాతం ఐఆర్ కట్" అని చూపిస్తారు. ఆ లెక్క చాలాసార్లు పరారుణంలో ఒక చిన్న ముక్కకే వర్తిస్తుంది. మీరు అడగాల్సింది టీఎస్ఈఆర్, అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం ఆపుతుంది అన్న అంకె. చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోండి. ఎండలో గంటల తరబడి నిలిపిన కారును ఏ ఫిల్మూ చల్లగా ఉంచలేదు, వేడి పైకప్పు నుంచి కూడా దిగుతుంది. చెట్టు నీడే మేలు.

లోహపు పూత ఉన్న ఫిల్మ్‌తో ఇంకో చిక్కు. ఫాస్టాగ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది, లోహం వాటిని అడ్డుకుంటుంది. ముందు అద్దానికి అలాంటి ఫిల్మ్ వేసి దాని మీద ఫాస్టాగ్ అతికిస్తే, పంతంగి దగ్గరో రాయికల్ దగ్గరో టోల్ గేటులో ట్యాగ్ చదవక వెనకున్నవాళ్లు హారన్లు కొట్టే పరిస్థితి రావొచ్చు.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు వెళ్లాలి. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, ఆ శాతాలు ఫ్యాక్టరీలో తయారైన అద్దానికి సంబంధించినవని, దాని మీద ఎంత పారదర్శకమైన ఫిల్మ్ అయినా సరే అతికించకూడదని తేల్చింది. జనం మనసులో నాటుకుపోయింది ఈ తీర్పే. తర్వాత నిబంధనే మారింది: 2021 ఏప్రిల్ 1 నుంచి సేఫ్టీ గ్లాస్‌తో పాటు, ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌ను కూడా 100వ నిబంధనలో చేర్చారు, అది 2019లో సవరించిన ఐఎస్ 2553 రెండో భాగానికి లోబడి ఉండాలి, 70, 50 శాతాలు అలాగే ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఈ సవరణను బట్టి, ఆ శాతాలు పాటించే ఫిల్మ్ వేసుకుంటే జరిమానా వేయకూడదని, అది కారు కంపెనీలకే పరిమితం కాదని చెప్పింది. అది కేరళ కోర్టు మాట. మన రోడ్ల మీద నల్ల ఫిల్మ్ కనపడితే పోలీసులు ఆపుతారు, చలాన్ వేస్తారు, అక్కడికక్కడే పీకించిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ శాతాల లెక్కలోనే పెద్ద మోసం దాగుంది. ఫిల్మ్ డబ్బా మీద రాసే శాతం ఫిల్మ్ ఒక్కదానిది. మీ అద్దం ఫ్యాక్టరీ నుంచే ఆకుపచ్చగా, ఉదాహరణకు 75 శాతం వెలుతురు వదిలేదిగా వచ్చి ఉంటుంది. దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే రెండూ గుణించాలి: 52.5 శాతం. పక్క అద్దానికి అంచు మీద పాసైనట్టు. వెనక అద్దానికి అదే ఫిల్మ్ వేస్తే 70 కావాల్సిన చోట 52 వచ్చి ఫెయిల్. "లీగల్ అన్నా, యాభై శాతం ఫిల్మ్" అని పక్క అద్దాలకు వేస్తే 37 శాతానికి పడిపోతుంది. వేయించుకోవాలనుకుంటే షాపులోనే మీటరు పెట్టి, ఫిల్మ్ వేయకముందు ఖాళీ అద్దాన్ని కొలిపించండి, ఫిల్మ్ ముక్కను అద్దానికి ఆనించి మళ్లీ కొలిపించండి, బిల్లు మీద ఆ అంకెలు రాయించుకోండి.

చట్టం పక్కన పెట్టినా ముందు తలుపుల అద్దాలకు నల్ల ఫిల్మ్ నాకు ససేమిరా ఇష్టం లేదు. దేవరకొండ రోడ్డులో, మిర్యాలగూడ చుట్టుపక్కల వెనక లైటు లేని వడ్ల ట్రాక్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్లు, చీకట్లో అడ్డంగా నడిచే బర్రెలు రోజూ ఉండేవే. పక్క నుంచి వచ్చే బైకును సైడ్ మిర్రర్‌లో చూడాలంటే తలుపు అద్దం గుండానే చూడాలి. నల్ల ఫిల్మ్ అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. పారదర్శకమైన సిరామిక్ ఫిల్మ్‌తో ఆ బెడద లేదు, ఖరీదు ఎక్కువే గానీ చెయ్యి కాలకుండా, చూపు తగ్గకుండా ఉంటుంది.

వేయించుకునేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని. ఫిల్మ్‌ను కొందరు అద్దం మీదే పెట్టి బ్లేడుతో కోస్తారు. టెంపర్డ్ గాజు బలమంతా పై పొరలోనే ఉందని చెప్పుకున్నాం కదా, అంచుల దగ్గర గీతలు పడితే ఎప్పటికీ పోవు. వేరే పలక మీద కోసి తెచ్చే షాపు, లేదా మిషన్ కటింగ్ ఉన్న షాపు మంచిది. పాత ఫిల్మ్ తీసేటప్పుడు వెనక అద్దం దగ్గర అసలు ప్రమాదం ఉంది: బ్లేడు పెట్టి గీకితే డీఫాగర్ తీగలు ఫిల్మ్‌తో పాటే లేచొస్తాయి. ఒక్క తీగ తెగితే ఆ వరస పనిచేయదు, వానాకాలంలో అద్దం మీద ఆ వెడల్పున మంచు అలాగే నిలిచిపోతుంది. ఆవిరి పట్టి, జిగురు మెత్తబడ్డాక, తీగలు పోయే దిశలోనే నెమ్మదిగా లాగి తీయమనండి. బ్లేడు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి.